ఎడమ పక్కకు

“ఆడ గిట్ల ఫిట్స్ వస్తే, మంది ముంగట మన ఇజ్జత్ ఏం గావాలె?” అన్నాడు మహిపాల్ పళ్లు తోముకుంటూ. అతని భార్య తిరుపతమ్మ జొన్నరొట్టె కొడుతూనే ఉంది. ఆ పొద్దున బడి పిల్లలు బస్సులో జూరాల డ్యాం చూడటానికి పోతున్నారు. మూడో తరగతి చదివే ఆమె కూతురు తేజస్వినికి నాలుగేళ్లుగా ఫిట్స్. “తల్లి వెంట వస్తేనే తీస్కపోతం” అన్నాడు హెడ్మాస్టరు వెంకటయ్య. మిగతా నలభై మంది పిల్లలకు ఆ షరతు లేదు.

అసలు ఆ పిల్లను బడి వదిలాక జరిగే ఆటపాటల క్లబ్బులో చేర్చుకున్నదే ఉష టీచరు. క్లబ్బు నడిచే గంటసేపూ తిరుపతమ్మ బడి గేటు దగ్గర నిలబడి, ఇంటికి పోయి, “ఇంత పొద్దుగూకినంక పొయ్యి ముట్టిస్తవా?” అని అత్త లక్ష్మీదేవమ్మతో అనిపించుకునేది. ఎక్కడ గిన్నె చప్పుడైనా పిల్ల దగ్గరికి ఉరుకుతుంది. పిల్ల స్నానానికి పోతే తలుపు దగ్గరే నిలబడుతుంది. పిల్ల మెలికలు తిరుగుతుంటే కాళ్లూ చేతులూ అదిమి పట్టి, పిడికిట్లో తాళంచెవులు పెట్టేది ఆమె ఒక్కతే. మహిపాల్ ఆ వేళకు చెప్పులేసుకుని బయటికి నడుస్తాడు. “నాకు సూడబుద్ధి కాదు” అంటాడు. తనకు చూడబుద్ధి అవుతుందా అని ఎవరూ అడగలేదు. “మా ఇంటి నెత్తుర్ల ఈ బిమారి లేదు” అని అత్త అన్నప్పుడల్లా తప్పు చేసినట్టు తలవంచుకోవడం మాత్రం అలవాటైంది.

డ్యాం పైనుంచి నీళ్లు చూస్తున్నంతసేపూ తిరుపతమ్మ పిల్ల చేయి వదల్లేదు. అన్నాల వేళకు వెంకటయ్య సార్ వచ్చి, “వచ్చినవు గదమ్మా, జర పిల్లలకు వడ్డించు” అన్నాడు. కాదనడం ఆమెకు రాదు. చెట్టు కింద పులిహోర వడ్డిస్తూ పది విస్తర్లు దాటిందో లేదో, వెనక ఎవరో “టీచర్!” అని అరిచారు.

గరిటె జారవిడిచి పరుగెత్తింది. అప్పటికే తేజస్విని నేల మీద కొట్టుకుంటోంది. ఆమె తరగతిలోనే చదివే పక్కింటి శ్రీజ ఆమెను ఎడమ పక్కకు తిప్పి, తన సంచి తల కింద పెట్టింది. ఇంకో ఇద్దరు చుట్టూ ఉన్న రాళ్లు ఏరేస్తున్నారు. ఉష టీచరు మోకాళ్ల మీద కూచుని గడియారం చూస్తోంది. తిరుపతమ్మ పిల్ల చేతులు అదిమి పట్టబోయింది.

“పట్టుకోవద్దు చిన్నమ్మా, బొక్కలు ఇరుగుతయంట. తాళాలు గూడ పెట్టొద్దు. క్లబ్బుల టీచరు మాకు నేర్పిచ్చింది!” అంది శ్రీజ.

రెండు నిమిషాలకు పిల్ల నెమ్మదించింది. టీచరు ఊపిరి పీల్చుకుని, “ఐదు నిమిషాలు దాటితే దవాఖానకు ఉరుకుదామనుకున్న” అంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ దూరం జరగలేదు. పిల్ల కళ్లు తెరిచి మొదట శ్రీజనే చూసింది. తిరుపతమ్మకు ఏడుపొచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లలు నేర్చుకోగలిగిన పని నాలుగేళ్లు తనొక్కదాని మీదే ఎందుకు పడిందని మొదటిసారి అనిపించింది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరారు. మహిపాల్ గడపలోనే అడిగాడు.

“వచ్చిందా?”

“వచ్చింది.”

“అందరి ముంగటనా?”

“అందరి ముంగటనే.”

“నేను చెప్పలేదా? రేపటిసంది క్లబ్బు బంద్, బడి బంద్. ఇంట్లనే పడి ఉండనీ. నువ్వున్నవు గద సూస్కోనీకి.”

తిరుపతమ్మ పిల్లను మంచం మీద కూచోబెట్టి, నేల మీద చాప పరిచింది.

“జర పండుకో” అంది మొగుడితో.

“ఎందుకే?”

“ఎడమ పక్కకు ఎట్ల తిప్పాల్నో సూపిస్త.” ఆమె చాప మీద చెయ్యి తట్టింది. “మా అమ్మను సూడక నాలుగేండ్లాయె. ఐతారం పోతున్న. బిడ్డ నీ కాడనే ఉంటది.”