శుక్రవారం పసుపు తిన్న లైటు స్విచ్చి

నేను ఒక లైటు స్విచ్చిని. గోడకు అతుక్కుని బతికే జాతి కాదు, కారు జాతి. స్టీరింగు పక్కన బయటికి పొడుచుకొచ్చిన దంతపు రంగు పిడి నా ముఖం. దాని వెనకున్న ఇనుప కడ్డీ నా మెడ. లోపలి రాగి రేకులు నా కడుపు. పిడిని ఒక మెట్టు లాగితే వెనక ఎర్రదీపాలు, రెండో మెట్టు లాగితే ముందు పెద్దదీపాలు వెలుగుతాయి. తోసేస్తే అన్నీ ఆరిపోతాయి. ఇంత తేలికైన నన్ను అర్థం చేసుకోవడానికి మనుషులకు నలభై రోజులు పట్టింది.

పుట్టింది సముద్రాల అవతల. పొద్దస్తమానం నాలాంటివాటిని బిగించే ఒకమ్మాయి నన్నూ బిగించి, పనిచేస్తున్నానో లేదోనని రెండుసార్లు లాగి చూసి, పెట్టెలో పడేసింది. మళ్లీ ఆ చెయ్యి కనబడలేదు. అదే మొదటి ఎడబాటు. తర్వాత ఓ నల్లకారులో అమర్చి, ఓడెక్కించి మద్రాసులో దింపారు. అక్కణ్ణించి చీరాలలో పొగాకు కొనే దొర దగ్గరికి చేరాను. కొన్నేళ్లకు ఆ దొర సీమకు వెళ్లిపోతూ తన కుక్కను కావలించుకుని ఏడ్చాడు. నా వంక తిరిగి చూడలేదు. ఎన్ని చీకటి దారుల్లో దారి చూపించానో కుక్కకైనా తెలుసు.

కారును ఆయన కింద పనిచేసే వైకుంఠరావు కొన్నాడు. పొగాకు ఆకు వాసన చూసి రకం చెప్పగల మనిషి. మాటలు మాత్రం పొదుపు. పొద్దున్నే కారు తీసుకుని బయల్దేరితే, భార్య శేషారత్నం వీధి మెట్లమీదికొచ్చి నిలబడేది. వెళ్లొస్తానని చెప్పడానికి ఆయనకు నోరు రాదు. వీధి చివర మలుపు దగ్గర నన్ను రెండుసార్లు లాగి తోసేవాడు. వెనక ఎర్రదీపాలు రెండుసార్లు వెలిగి ఆరేవి. అప్పుడు గానీ ఆవిడ లోపలికి వెళ్లేది కాదు. ఒకరోజు ఆయన మరిచిపోతే, ఆవిడ మధ్యాహ్నం దాకా అన్నం తినలేదట. యాభై ఏళ్లపాటు వాళ్లిద్దరి మధ్య ఆ మాట మోసింది నేనే. మనుషులు ప్రేమను నోటితో చెప్పుకుంటారని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఏటా దసరాకు కారు కడిగి పూజ చేసేవాళ్లు. అందరూ చక్రాలకూ బానెట్టుకూ బొట్లు పెడితే, శేషారత్నం తడిపసుపులో వేలు ముంచి నా మెడచుట్టూ రాసి, పిడిమీద కుంకుమ పెట్టేది. నాకు గర్వంగానే ఉండేది.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం వైకుంఠరావు గుండె పట్టుకుని కూలబడ్డాడు. పక్కింటి డ్రైవరు వచ్చి, మా కారులోనే వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పట్టపగలు లైట్లతో పనేమిటి? మలుపు దగ్గర నన్నెవరూ ముట్టుకోలేదు. మెట్లమీద నిలబడ్డ ఆవిడ చూస్తూనే ఉంది. ఆయన తిరిగి రాలేదు.

ఆ రోజు దీపం వెలగకే ఆయన తిరిగి రాలేదని అప్పట్నుంచి ఆవిడకు భయం పట్టుకుంది. ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాశాక, అదే చేత్తో వచ్చి నాకూ రాసేది. తను మానేసిన బొట్టు నాకు పెట్టేది. నా వెలుగు ఆరకూడదని ఆవిడ కోరిక. ఆ పసుపునీళ్లు కడ్డీ వెంట జారి, నా కడుపులో దిగి, గడ్డకట్టేవి. ఇంత భక్తి నాకు అరగదని చెప్పే నోరు నాకు లేదు.

ఈ వేసవిలో లైట్లు వెలిగిన రెండు నిమిషాలకే ఆరిపోవడం మొదలైంది. కాసేపాగితే మళ్లీ వెలుగుతాయి. ఆవిడ్ని ఆసుపత్రికీ గుడికీ తిప్పేది తమ్ముడు పానకాలు. రోడ్డుమీద తిరగడానికి తగునో లేదో తేల్చే పరీక్షకు కారు తీసుకెళ్తే బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందే ఆరిపోయాయి.

"పెద్దాయనా, మీ బండికి నిద్రొస్తున్నట్టుంది. నెలాఖరులోగా మేలుకుంటే తీసుకురండి. లేదంటే తుక్కుకి పంపండి," అన్నాడాయన.

పానకాలు బల్బులు మార్పించాడు. బ్యాటరీ మార్పించాడు. ఫ్యూజులు మార్పించాడు. అయినా అంతే. "ఇంక మార్చాల్సింది బండినే అక్కా," అన్నాడు. ఆవిడ భయపడి ఆ వారం నాకు పసుపు రెండు పూటలా రాసింది.

ఇంకా నాలుగు రోజులే గడువుందనగా ఖాజావలి వచ్చాడు. జుట్టు నెరిసిన మెకానిక్కు. వచ్చి ఏమీ విప్పలేదు. ఒక వైరుముక్కతో బ్యాటరీ నుంచి నేరుగా దీపాలకు కలిపాడు. పది నిమిషాలైనా ఆరలేదు.

"చూశారా అమ్మగారూ, దీపాలకి రోగం లేదు. బ్యాటరీకీ లేదు. మధ్యలో ఉన్నాయనే తేడాగా ఉన్నాడు."

బ్యాటరీ వైరు ఊడదీసి, డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, నా పొట్టకున్న చిన్న మీట నొక్కి పిడి లాగాడు. మెడ ఊడి అతని చేతిలోకొచ్చింది. కడుపు విప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేందమ్మగారూ! కూరలో వేసే పసుపు వాసనొస్తంది."

పానకాలు పగలబడి నవ్వాడు. "అక్కా, బండికి పూజ చేస్తన్నావనుకున్నా. పులిహోర కలిపావన్నమాట!"

శేషారత్నం నవ్వలేదు. అరుగుమీద కూర్చుండిపోయింది. "అయితే వలీ, ఇన్నాళ్లూ ఆర్పింది నేనేనా?"

"మీరు కాదమ్మగారూ, తడి. రాగికి తడి పడదు. చిలుము పట్టి, రేకులు సరిగ్గా అంటుకోక వేడెక్కతంది. వేడెక్కితే అదే ఆపేసుకుంటది, చల్లారితే మళ్లీ వెలుగుద్ది."

"కొత్తది పడెయ్యరాదూ?" అన్నాడు పానకాలు.

"దీనికి కొత్తది యాడ దొరుకుద్ది సార్?"

పెట్రోలుతో కడిగి, సన్నటి గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా రుద్ది, కాస్త గ్రీజు పూశాడు. మళ్లీ బిగించాడు. అరగంట వెలిగాను.

పరీక్షరోజు శుక్రవారమే పడింది. వలీ స్టీరింగు ముందు, పక్కన పానకాలు కూర్చున్నారు. గడప పని ముగించుకుని ఆవిడ పసుపు గిన్నెతో వచ్చింది. వేలు తడిగా ఉంది.

"అక్కా!" అని అరిచాడు పానకాలు.

"తెలుసులేరా, అరవమాక."

అన్నదే గానీ చెయ్యి అక్కడే ఆగింది. రాయకపోతే బండి తిరిగి వస్తుందో రాదో. రాస్తే దీపం వెలగదు. చివరికి వేలు కొంగుకు తుడుచుకుని, పొడి కొంగుతో నా ముఖం తుడిచి, మెట్లమీదికి వెళ్లి నిలబడింది.

కారు కదిలింది. మలుపు దగ్గర వలీ నన్ను రెండుసార్లు లాగి తోశాడు.

ఆ పైన జరిగింది మామూలే. ఇన్‌స్పెక్టరు పావుగంట వెలిగించి చూసి, పెదవి విరిచి, కాగితంమీద సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చాం. ఆవిడ అన్నం తిని, చేతులు కడుక్కుంటూ ఎదురొచ్చింది. కాగితం అడగలేదు.

"వలీ, పొద్దున మలుపులో రెండుసార్లు లైటెందుకు వేశావు?"

"పనిచేస్తందో లేదోనని చూశానమ్మగారూ."

ఆవిడ కొంగుకంటిన పసుపు మరక చూసుకుంది. "పానకాలూ, నువ్వూ విను. ఇకనుంచి బండి బయటికెళ్లినప్పుడల్లా ఆ మలుపులో లైటు రెండుసార్లు వేసి చూసుకోవాల. నువ్వు కూడా, వలీ."

ఇద్దరూ సరేనన్నారు. పానకాలు మాత్రం, "అక్కకి అనుమానం ముదిరింది," అని వలీ చెవిలో గొణిగాడు.