ఎదురు పీట

బస్సు ఆగకముందే మడత పీటను చంకలో ఇరికించుకుని మెట్టు మీదకి వచ్చేసింది పీటక్క. చెక్క కాళ్ళు, పైన నవారు అల్లిక. నవారు ఎన్నిసార్లు మార్పించిందో గానీ కాళ్ళు మాత్రం ఉద్యోగంలో చేరినప్పటివే. ఆమె అసలు పేరు విశ్వవిద్యాలయం హాజరుపట్టీలో ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు.

టీవీ పరిశోధన విభాగంలో ఆమె పనేమిటో చెబితే కొత్తవాళ్ళకు నవ్వొస్తుంది. టీవీ చూసేవాళ్ళని చూడటమే ఆమె పని. ఎవరింటికైనా వెళ్ళి, టీవీ పక్కన దానికి వీపు పెట్టి పీట వేసుకుని, ఆ ఇంటివాళ్ళ ముఖాలకు ఎదురుగా కూర్చుంటుంది. రిమోట్ ఎవరి చేతిలో ఉంది, ఎవరు నవ్వారు, ఎవరు మధ్యలో లేచిపోయారు, వార్తలప్పుడు ఎవరి మాట నెగ్గింది, ఏ ప్రకటనకు పిల్లలు తల్లి కొంగు పట్టుకు లాగారు, అన్నిటికీ అచ్చు కాగితం మీద గుర్తులు పెడుతుంది. మొదటి వారమంతా ఇంటివాళ్ళు పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. పీటక్క ఓపిక పడుతుంది. ఒకనాడు మొగుడూ పెళ్ళాలు ఆమె ఎదుటే రిమోట్ కోసం గుంజుకుంటారు. అప్పుడనుకుంటుంది, ఇక పని మొదలయిందని.

సొంత పీట ఎందుకంటే, ఆ ఇంటి కుర్చీ ఒకటి ఆమెకిస్తే రోజూ అందులో కూర్చునే మనిషి ఇంకోచోటికి జరగాలి. ఇంక అక్కడ చూసేదేముంది? మనం అడుగు పెట్టకముందు ఇల్లు ఎలా ఉందో వచ్చేశాక కూడా అలాగే ఉండాలన్నది విభాగం నియమం. ఎన్ని ఇళ్ళు తిరిగినా పీటక్క ఆ నియమం తప్పలేదు. ఏ ఇంట్లోనూ ఒక దిండు కూడా జరపలేదు.

వీపు పెట్టి కూర్చోవడం వల్ల ఒక తమాషా జరిగింది. అందరికీ తెలిసిన సీరియల్ కోడలి ముఖం పీటక్కకు తెలియదు. గొంతు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఒకసారి బస్టాపులో నగల ప్రకటన మీది ఆ నటి నిలువెత్తు బొమ్మ కింద నిలబడి, "ఎవరమ్మా ఈ పిల్ల, నగల కొట్టువాళ్ళ అమ్మాయా?" అని పక్కావిడను అడిగింది. ఆ మాట తలచుకుని విభాగంలో ఇప్పటికీ కడుపుబ్బ నవ్వుతారు, అందరికంటే ముందు ఆమే నవ్వుతుంది.

ఇవాళ ఆమెకు చివరి పరిశీలన. రేపటి నుంచి ఇళ్ళలోకి పెట్టెలు వస్తాయి. టీవీ పక్కన చిన్న పెట్టె, దాని మీద మనిషికో మీట. చూడటానికి కూర్చున్నవాళ్ళు ఎవరి మీట వాళ్ళు నొక్కాలి. చుట్టాలొస్తే నొక్కడానికి చివర ఇంకొకటి.

మధ్యాహ్నం విభాగంలో డైరెక్టరమ్మ ఇదంతా దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆవిడ విద్యార్థినిగా ఉన్నప్పుడు ఇళ్ళకు వెళ్ళడం పీటక్క వెనకే తిరిగి నేర్చుకుంది.

"పెట్టెకి మొహమాటం ఉండదు మేడమ్. మంచిదే," అంది పీటక్క.

"మరి రేపట్నుంచి మీరేం చేస్తారక్కా?"

"పొద్దున్నే బస్సెక్కి మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నా. వాళ్ళింట్లో టీవీ ఉంది. ముందువైపు ఎలా ఉంటుందో చూస్తా."

ఇద్దరూ నవ్వుకున్నారు. తరువాత డైరెక్టరమ్మ, పీటక్క ఇవాళ వెళ్ళాల్సిన దర్జీగారి ఇంటి సంగతి ఎత్తింది. "చూసేవాళ్ళు నలుగురని ఆ ఇంటివాళ్ళు చెప్పారు. రేపు అక్కడ నాలుగు మీటలు పెట్టిస్తున్నాం, సరేనా?"

"చూసేది అయిదుగురు మేడమ్. దర్జీగారి అక్క కూడా చూస్తుంది. కానీ ఎవరైనా అడిగితే చూడనంటుంది."

"వాళ్ళు చెప్పిందే కదక్కా మనం రాయాలి. మనం చెప్పించకూడదు."

"కూడదు," అని ఒప్పుకుంది పీటక్క. నియమం సరైనదే. అయినా ఆమె మనసు ఊరుకోలేదు. రేపు ఆ పెట్టె బిగిస్తే ఆ మనిషి లెక్కలో లేకుండానే పోతుంది. అదే ఆలోచనతో బస్సు దిగి, బట్టల ముక్కలు కుప్పపోసిన అరుగు దాటి, దర్జీగారి ఇంట్లోకి వెళ్ళింది.

"రా పీటక్కా! రేపొచ్చే పెట్టెలో నాకో మీట ఉంటుందట కదా," అన్నాడు దర్జీ, మెడలోని టేపు తీసి కొక్కేనికి తగిలిస్తూ. "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా మాట వినేది ఒకటి వస్తోంది."

"అదీ నేను నొక్కమంటేనే నొక్కాలి లెండి," అంది భార్య.

చిన్నకూతురు చాప మీద బోర్లా పడుకుని అడిగింది. "మరి అత్తకి ఏ మీట?"

"అత్త చూడదుగా. కావాలంటే చివర చుట్టాల మీట ఉందిలే!" అన్నాడు దర్జీ.

అందరూ నవ్వారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్త కూడా నవ్వింది. "నాకెందుకురా మీటలు? నేను స్టవ్ చూసుకోవాలి," అంది. ఆ నవ్వు పెదాలు దాటి పైకి రాలేదు. ఎదురుగా కూర్చున్నది పీటక్క ఒక్కతే కాబట్టి ఆమెకొక్కదానికే అది కనిపించింది.

సీరియల్ మొదలయింది. మెడ వెనక టీవీ వేడి తగులుతోంది. కుర్చీలో దర్జీ, మంచం అంచున భార్య, చాప మీద కూతుళ్ళిద్దరూ. వాళ్ళ వెనకాల గుమ్మంలో అత్త. పగలంతా తమ్ముడు కుట్టిన బట్టలకు అంచులు కుట్టే మనిషి. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లోనే ఉంది. ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనరు. కూర్చోమనీ అనరు, ఎందుకంటే ఆమె నిలబడి ఉంటుందని వాళ్ళకు తెలియదు. అందరి ముఖాలూ టీవీ వైపేనాయె!

పాట మొదలవగానే ఆమె వెళ్ళి స్టవ్ తగ్గించి వస్తుంది, మాటల మధ్యలో కుక్కర్ కూత పడకుండా. వాళ్ళంతా ఏ మాటా పోకుండా సీరియల్ వింటున్నది ఆమె దయవల్లే. ఒక పాదం మీద ఇంకో పాదం ఆనించి, భుజం తలుపు చెక్కకు చేరవేసి చూస్తుంది. ఎంత బాగా చూస్తుందో! విలన్ నోరు తెరవకముందే ఆమె కనుబొమలు ముడిపడతాయి. కోడలు ఏడవకముందే కొంగు కళ్ళకు చేరుతుంది. తన ఉద్యోగంలో అంత మనసుపెట్టి చూసే మనిషిని పీటక్క ఎరగదు.

సీరియల్లో వెళ్ళిపోయిన కోడలు తిరిగొచ్చే రోజు ఇవాళ. వీపు వెనక టీవీలో తలుపు తట్టిన చప్పుడు. అత్త చెయ్యి నోటి మీదకు వెళ్ళింది. అదే క్షణాన ఆమె మోకాలు పట్టు తప్పింది. పడబోయి తలుపు చెక్క పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా నిలదొక్కుకుంది. ఎవరూ చూడలేదు.

పీటక్క లేచింది. పరిశీలన మధ్యలో ఆమె లేవడం అదే మొదటిసారి. పీట చేత్తో పట్టుకుని, చూసేవాళ్ళందరికీ అడ్డమవుతూ గదిలోంచి నడిచి, గుమ్మం దగ్గర దాన్ని వేసింది.

"కూర్చో వదినా."

"అయ్యో, మీ పీట..."

"కూర్చోమంటున్నానా! అవతల వాళ్ళు తలుపు తీసేస్తున్నారు."

అత్త కూర్చుంది. ఇంటిల్లిపాదీ టీవీని వదిలి వెనక్కి తిరిగారు. దర్జీ ఆమె చేతి కింద వాచిన మోకాలిని చూశాడు.

"నువ్వు రోజూ నిలబడే చూస్తున్నావా అక్కా?"

"ఏదోలేరా, పని మధ్యలో..."

"మేమెప్పుడూ వెనక్కి తిరిగి చూళ్ళేదు వదినా," అంది భార్య. మంచం మీది దిండు తెచ్చి అత్త వీపు వెనక పెట్టింది.

ఇక పీటక్కకు కూర్చునే చోటు లేదు. నిలబడే టీవీ వైపు తిరిగింది. చాలాసేపు చూసి, "ఈ పిల్లేనా? నగల కొట్టమ్మాయి!" అంది. పిల్లలు పకపకా నవ్వారు. అత్త అయితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, ఈసారి గట్టిగా.

సీరియల్ అయిపోయాక పీటక్క కాగితం మీద అడ్డంగా గీత కొట్టి సంచిలో పెట్టుకుంది. వీధిలోకి వచ్చేసరికి దర్జీ భార్య పరిగెత్తుకొచ్చింది. "పీట మరిచిపోయావు పీటక్కా!"

"ఉండనీ అమ్మా. రేపట్నుంచి నేనెవరికి ఎదురు కూర్చోవాలి?"

బస్టాపు నుంచి డైరెక్టరమ్మకు ఫోన్ చేసింది. "ఇవాళ్టి కాగితం చెల్లదు మేడమ్. నేను ఇల్లు మార్చేశాను."

"ఎంత మార్చారక్కా?"

"ఒక పీటంత."

"ఆ కాగితం నాకు కావాలక్కా," అంది డైరెక్టరమ్మ. "చెల్లకపోయినా సరే, నా దగ్గర దాచుకుంటాను. మీరు హాయిగా వెళ్ళిరండి."

పొద్దున్నే పీటక్క చెల్లెలి ఊరి బస్సెక్కింది. చంకలో ఏమీ లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. చివరికి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అదే పూట పెట్టె బిగించే మనిషి దర్జీగారి ఇంటికి వచ్చి చేతిలో కాగితం చూసుకున్నాడు. "చూసేవాళ్ళు నలుగురే కదండీ? అయిదోది చుట్టాలకి..."

"చుట్టమేంటయ్యా, మా అక్క! అయిదుగురం. ముందు ఆవిడ మీట పెట్టు," అన్నాడు దర్జీ కుట్టుమిషన్ ఆపి.

ఆ మనిషి సరేనని పెట్టె విప్పుతూ కూర్చున్నాడు. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసే ఉంది, ఇన్నాళ్ళకి టీవీ వైపు ముఖం పెట్టి.