వెనక్కి తిరిగిన తల

"ఎడమకి... ఇంకాస్త... అమ్మా, అది కుడి!"

తల్లి తడబడి, బంతి దొర్లించే ర్యాంపును అటు జరిపింది. ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు కాబట్టి కూతురి ఎడమ తల్లికి కుడి. ఇన్నేళ్లయినా కంగారు పడితే ఆ తికమక పోలేదు.

కూతురు చక్రాల కుర్చీలో ఉంది. తల్లి ముక్కాలి పీట మీద, కోర్టుకి వీపు పెట్టి కూర్చుంది. బోచా ఆటలో చేతులు సహకరించని వాళ్ల పక్కన సాయానికి ఉండే మనిషి ఆట చూడకూడదు. చెప్పినట్టు ర్యాంపు జరపాలి, బంతి పెట్టాలి, నోరు మూసుకోవాలి. నుదుటి పట్టీకి బిగించిన కడ్డీతో కూతురు బంతిని వదులుతుంది. అది గురిగా ఉంచిన తెల్లబంతికి ఎంత దగ్గరగా ఆగిందో తల్లికి తెలియదు. ఆమెకు కనిపించేది కూతురి మొహం ఒక్కటే.

ఆ మొహాన్ని పుట్టినప్పటి నుంచీ కాపలా కాస్తోంది. పెదవులు నల్లబడితే ఊపిరాడటం లేదని, రెప్ప పడకపోతే మూర్ఛ వస్తోందని. గుటక పడిన చప్పుడు వింటే తప్ప రెండో ముద్ద పెట్టేది కాదు. లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ కూడా చెవులు ఇంటి వైపే ఉండేవి.

సగానికి చీల్చిన ప్లాస్టిక్ గొట్టం మీద ఉండచుట్టిన మేజోళ్లు దొర్లించడంతో మొదలైంది ఈ ఆట. "గోళీలాడటానికి ఇంత ఆర్భాటమా?" అని అత్తగారు మూతి విరిచింది. "గోళీలే నాయనమ్మా, కాస్త పెద్దవి. నువ్వూ రా, ఓడిస్తా," అంది ఆరేళ్ల మనవరాలు. ఆ తర్వాత ఊరి పోటీలు, దేశం పోటీలు. మెడలో పతకం వేసిన ప్రతిసారీ, రిబ్బను బిగుసుకుందేమోనని తల్లి లోపలికి వేలు దూర్చి చూసేది. ఫొటోలన్నిటిలోనూ ఆ వేలుంది.

ఇవాళ గెలిస్తే ప్రపంచ పోటీల జట్టులో చోటు. ఎదురుగా ఉన్నవాణ్ణి అందరూ తుపాకీ అంటారు, గురి అలాంటిది. నాలుగో విడత, ఆఖరిది. స్కోరు సమంగా ఉంది, మిగిలింది కూతురి బంతి ఒక్కటే.

బంతి దొర్లింది. కూతురి కళ్లు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. నోరు తెరుచుకుంది. మెడ బిగిసింది.

ఏదో మీద పడుతోంది! తల్లి గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఏమీ లేదు. నున్నటి నేల, తెల్లబంతికి ఒరుసుకుని ఆగిన ఎర్రబంతి. అంతలో రెఫరీ చెయ్యి లేచింది.

తల్లి కోర్టు వైపు చూసినందుకు తుపాకీకి అదనంగా ఒక బంతి. అతను దాన్ని సరిగ్గా నేల మీద గీసిన చదరంలో ఆపి పాయింటు కొట్టాడు. స్కోరు మళ్లీ సమం. ఇక తేల్చడానికి ఇంకో విడత.

విరామంలో కోచ్ ఏదో అనబోయాడు. కూతురు ఆపేసింది.

"మీరుండండి సార్. ఏమ్మా, ఏం కనబడిందని తిరిగావ్?"

"నీ కళ్లు... ఏదో అయిపోతోందనుకున్నానే."

"అది సంతోషం అమ్మా! నా మొహం మీద నువ్వెప్పుడూ చూడలేదా?"

తల్లి కూతురి నుదుటి పట్టీ సరిచేసింది.

"ఈసారి పైకప్పు కూలినా సరే, తిరిగావంటే చూడు."

ఆఖరి బంతి కూతురిది. తల్లి పీట అంచుని రెండు చేతులా పట్టుకుంది. కడ్డీ కదిలింది. మళ్లీ అవే కళ్లు, అదే బిగిసిన మెడ. తల్లి తిరగలేదు. అంత భయంలోనూ ఆ మొహాన్ని చూస్తూ కూర్చుంది. నల్లబడని పెదవులు మెల్లగా వంకర తిరిగి, పళ్లు బయటపడ్డాయి. వెనకాల హాలంతా అరుస్తోంది. ఆమె అప్పుడు కూడా తిరగలేదు.

జట్టు శిక్షణ శిబిరానికి ఆ సాయంత్రమే బయలుదేరాలి. వ్యాను ఇంటి గేటు ముందు ఆగింది. తోడుగా వెళ్లేది జట్టులోని సహాయకురాలు. తల్లి రావద్దని కూతురే చెప్పింది.

"నీళ్లలో పొడి కలిపి చిక్కగా పట్టాలమ్మా, పలచగా ఉంటే పొలమారుతుంది," అంది తల్లి ఆ అమ్మాయితో. "పడుకోబెట్టేటప్పుడు తల ఎత్తుగా..."

"నేను చెప్పుకుంటానుగా. నోరు నాకూ ఉంది."

"అది కాదే, రాత్రి గొంతుకేమైనా అడ్డం పడితే..."

"పడితే దగ్గుతా. నాకు ముప్పై ఏళ్లమ్మా. గాజుగ్లాసులా చూడటం ఇక ఆపు."

తల్లి కొంగు ముడిలోంచి రిబ్బను కట్టిన ప్లాస్టిక్ ఈల తీసి కూతురి మెడలో వేసింది. "నోటికందేట్టు కట్టాను. ఏదైనా అయితే ఊదు." రిబ్బను కింద వేలు దూర్చబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

మందుల సంచి కోసం ఆమె లోపలికెళ్తుంటే కూతురు ఈల వైపు చూస్తూ సహాయకురాలితో ఏదో అంటోంది. తిరిగి వచ్చేసరికి కుర్చీ వ్యానులోకి ఎక్కేసింది. సహాయకురాలు సంచి అందుకుని తలుపు వేసింది. కిటికీలోంచి కళ్లు పెద్దవి చేసి చూసింది కూతురు. ఈసారి తల్లి కంగారు పడలేదు.

వ్యాను మలుపు తిరిగింది. గేటు గడియకి తగిలించిన ఈల, అది రేపిన గాలికి కాసేపు ఊగి, ఆగింది.