మెల్లగా నడవని బండి

తమ్ముడు అబద్ధాలకోరని మెకానిక్ నోటితోనే అనిపించాలని వెంకట్రాం తన పాత మోటార్ సైకిల్‌ను తొర్రూరుకు తెచ్చాడు.

సంగతి ఊరంతా ఎరిగిందే. నిరుడు ఎండాకాలం, వెంకట్రాం జనగామ కోర్టులో వాయిదాకు పోయిన రోజు, ఏడో నెల కడుపుతో ఉన్న అతని భార్య సుగుణకు రక్తం పడింది. బస్సు అప్పుడే దాటిపోయింది. తమ్ముడు సంజీవ వదినెను అన్న బండి ఎక్కించి, తువ్వాలతో తన నడుముకు కట్టుకుని మానుకోట దవాఖానకు తీసుకుపోయాడు. దారంతా గుంతలు. ఆ గుంతల్లోనే బండిని ఉరికించాడు. పొద్దుగూకేలోపు తల్లీ లేదు, బిడ్డా లేదు.

"మెల్లగ పోతే బండి ఆగుతుండె అన్నా. ఆగినప్పుడల్లా వదినెను దించాలె, కిక్కు కొట్టాలె, మల్ల ఎక్కించాలె. గందుకే గట్టిగ తోలిన" అని సంజీవ ఎన్నిసార్లు మొత్తుకున్నా వెంకట్రాం నమ్మలేదు. బండి తనది. తన చేతిలో ఎన్నడూ ఆగలేదు. షోకుకు ఉరికించి చంపాడని నలుగురిలో అన్నాడు. ఇంటి మధ్య గోడ పెట్టించాడు. అన్నం బంద్, మాట బంద్.

ఇప్పుడు సంజీవ భూపాలపల్లి దిక్కు ఒక కట్టె అడితిలో పనికి పోతున్నాడు. పోయే ముందు తరిగొప్పుల నుంచి అక్క సరోజనను పిలిపించాడు.

"చంపినోడన్న పేరు మోసుకొని నేను ఊరు దాటనక్కా. బండిని మెకానిక్‌కు సూపియ్యుమను. నాది అబద్ధమైతే మల్ల నా మొగం సూపియ్య."

"సూపిస్త. వీని సంగతేందో ఇయ్యాల తేలుతది" అన్నాడు వెంకట్రాం, అక్క వైపే చూస్తూ.

మెకానిక్ జైసింగ్ తండా మనిషి. చల్లారిన బండికి పెట్రోలు ఎక్కువ అందేటట్టు చోక్ గుంజి కిక్కు కొట్టాడు. ఇంజన్ నిలకడగా కొట్టుకుంది.

"ఇంటున్నవా? ఆగిందా?" అన్నాడు వెంకట్రాం.

"జర ఆగు పటేలా, నేనేం దుకాణం మూసి పోతలేను. చోక్ మీద ఏ బండైన నడుస్తది. ఇంజన్ కాగనియ్."

బస్టాండ్ దాకా తోలుకుపోయి వచ్చి, జైసింగ్ చోక్ దించాడు. రేస్ తగ్గించగానే బండి దగ్గి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. రేస్ తిప్పి పట్టుకున్నంతసేపు మోగింది. వదలగానే చచ్చింది.

వెంకట్రాం ట్యాంకు మూత తీసి చూశాడు. "పెట్రోల్ల కచరా ఉందేమో. ఏడాది సంది ఎక్కువ తోలలే."

జైసింగ్ కార్బురేటర్ విప్పాడు. బండి మెల్లగా నడిచేటప్పుడు పెట్రోలు అందించే చిన్న జెట్టును తీసి ఎండకు ఎత్తిపట్టాడు. సూది మొనంత రంధ్రంలోంచి వెలుగు తేటగా వచ్చింది. కచరా లేదు. మళ్ళీ బిగించి, బండి నడిపించి, కార్బురేటర్ ఇంజన్‌ను తాకే అంచు చుట్టూ నూనె చుక్కలు వేశాడు. నూనె లోపలికి పోయింది. కొట్టుమిట్టాడుతున్న చప్పుడు కాసేపు కుదుటపడింది.

"గీ సందుల నుంచి గాలి గుంజుతంది పటేలా. గట్టిగ తోలితే పెట్రోలు బాగ వస్తది, గీ గాలి లెక్కల రాదు. మెల్లగ పోయినవనుకో, గదే ఆగం జేస్తది."

మళ్ళీ విప్పి, అంచును అద్దం ముక్క మీద ఆనించాడు. అది అటూ ఇటూ ఊగింది.

"సూడు, బోల్టులు పట్టే రెండు చెవులు వంగినయ్. ఎవడో అరక బోల్టు అనుకొని బిగించిండు. ఏ దున్నపోతుకు ఇచ్చినవ్ పానా?"

వెంకట్రాం వంగిన చెవులను వేలితో తడిమాడు. జనగామకు పోయే ముందు రోజు కార్బురేటర్ విప్పి కడిగింది తనే. మళ్ళీ ఊడకూడదని పానాను రెండు చేతులా గుంజి బిగించాడు. ఆ తర్వాత తను తోలిందంతా ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి ఇంటికి. అంత దగ్గరికి ఇంజన్ కాగదు, చోక్ దించే పనే పడలేదు. ఇవ్వాళ తొర్రూరు దాకా కూడా చోక్ దించకుండానే వచ్చాడు.

"ఆకురాయి పట్టి సాపు జేస్త. మల్ల మంచిగ నడుస్తది" అన్నాడు జైసింగ్.

"చెయ్."

తిరిగి వచ్చేటప్పుడు వెంకట్రాం ఒక అబద్ధం కూర్చుకున్నాడు. పెట్రోల్లో చెత్త పడింది, తీస్తే బాగైంది, అంతకుమించి ఏం లేదు. జైసింగ్ ఊళ్ళోకి వచ్చి చెప్పేది లేదు. గుంతల దారి మొదలైంది. రేస్ తగ్గించాడు. బండి ఎద్దుల బండి వేగానికి దిగింది. గుంతలోకి మెల్లగా దిగి, మెల్లగా ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. ఆ రోజు సుగుణకు కావలసింది ఇంతే.

వాకిట్లో సరోజన గద్దె మీద కూర్చుని ఉంది. సంజీవ సంచి పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమన్నడ్రా?" అంది అక్క.

వెంకట్రాం బండి దిగాడు. "ఆగుతుండె. కాగినంక మెల్లగ పోతే ఆగుతుండె. వీడు చెప్పింది నిజమే."

"ఏడాదిరా! ఏడాది సంది వాణ్ని గడప తొక్కనియ్యకపోతివి గద!"

సంజీవ మొహంలో సంతోషం లేదు. "ఎందుకు ఆగుతుండెనట?"

"బోల్టులు ఎక్కువ బిగిసినయట. చెవులు వంగినయ్."

"ఎవలు బిగించిండ్రు?"

"నేనే."

"చాలు అన్నా, ఇగ బిగియ్యకు అని ఆనాడే అంటి. నీకేం ఎరుకరా అన్నవ్."

వెంకట్రాం తల దించుకున్నాడు. "ఊర్ల చెప్త. నా చేతులతోనే అయిందని నలుగుట్ల చెప్త."

"చెప్పు. ఇననీకి నేనుండ."

"ఇంత తిని పోరా. బస్సు దాకా నేను దించుత."

సంజీవ సంచి భుజాన వేసుకున్నాడు. "నీ బండి నేను మల్ల ఎక్క."

అతను బాట పట్టాడు. సరోజన లేచి, వెంకట్రాం వైపు చూడకుండా, చిన్నవాడి వెంట వాకిలి దాటింది.