రూబీ చెప్పాల్సిన సాక్ష్యం

"అరవై మందేగా రూబీ, ఎంతసేపు!" అంటూ అత్తగారు సంపూర్ణమ్మ నాలుగు కిలోల ఉల్లిపాయలు ఆమె ముందు కుమ్మరించి, వెళ్లి ఫ్యాను కింద కూర్చున్నారు. శనివారం బడికి సెలవు పెట్టి పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టిన తరగడం తొమ్మిదైనా తెమల్లేదు. సాయంత్రం కొడుకు లాజరు ఆరో పుట్టినరోజు. రాజమండ్రిలో వాళ్ల సంఘంలో పుట్టినరోజంటే ఒట్టి కేకు కాదు, కృతజ్ఞత కూడిక. మేడ మీద టెంటు, మైకు, పాటలు, పాస్టరుగారి వాక్యం, దేవుడు చేసిన మేలు గురించి ఇంటివాళ్ల సాక్ష్యం. ఆ తర్వాతే కేకూ, పులావూ. వంటమనిషిని పెడదామంటే, "నీ చేతి పులావు ముందు వాళ్లెంత!" అన్నాడు భర్త సాల్మన్. ఆ ఒక్క పొగడ్తతో ఏటా వంటమనిషి ఖర్చు తప్పించుకుంటున్నాడు మహానుభావుడు.

చాకిరీ ఆమెకి కొత్త కాదు. ఈసారి మాత్రం మనసంతా మేడ మీద మైకు దగ్గరే ఉంది. పోయిన జూన్‌లో లాజరుకి మెదడు జ్వరం వచ్చి కాకినాడ ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. మంచం కింద చాప వేసుకుని ఆ పదకొండు రోజులూ రూబీయే ఉంది. తను పాఠాలు చెప్పే కడియం బళ్లో జీతం లేని సెలవు అడిగితే, "ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా టీచరుగారూ?" అన్నారు హెడ్మాస్టరు. ఉన్నారు. అత్తగారికి ఆసుపత్రి వాసన పడదు. సాల్మన్‌కి ఆఫీసులో ఇన్‌స్పెక్షను. రెండు ఆదివారాలు వచ్చి, మంచం పక్కన ప్రార్థన చేసి, బస్సు దొరకదేమోనని పొద్దుండగానే వెళ్లిపోయాడు. ఏడో రోజు డాక్టరు పెదవి విరిచాడు. వరండాలో కుళాయి దగ్గర మోకరించి మొక్కుకుంది రూబీ. వీడు బతికితే పుట్టినరోజు కూడికలో సంఘం ముందు నిలబడి నా నోటితో నేనే సాక్ష్యం చెబుతాను తండ్రీ అని. వాడు బతికి బట్టకట్టాడు. ఇక మాట నిలబెట్టుకోవడం ఆమె వంతు.

"నేనూ రెండు ముక్కలు చెప్పాలండీ, మొక్కుకున్నాను," అని నెల ముందే సాల్మన్‌కి చెప్పింది.

"అలాగేలే, నేను చెప్పాక పిలుస్తాను," అన్నాడతను.

ఆ మాట పట్టుకుని కడియం బస్సులో వెళ్తూ వస్తూ నాలుగు వాక్యాలు కూర్చుకుంది. రోజూ నలభై మంది పిల్లలకి పాఠం చెప్పే మనిషికి నాలుగు వాక్యాలకి నెల పట్టింది. నవ్వొస్తుంది గానీ, సొంత ఇంట్లో నోరు విప్పడానికి ఆ మాత్రం సాధన కావాలి.

మధ్యాహ్నానికి జంగారెడ్డిగూడెం నుంచి ఆడపడుచు బేబి ముగ్గురు పిల్లలతో దిగింది. "మేం చుట్టాలమమ్మా, మాకు పని చెప్పకు," అని నవ్వుతూనే రెండుసార్లు టీ అడిగింది. నలుగురు పిల్లలకీ స్నానాలు చేయించి, సాల్మన్ చొక్కా ఇస్త్రీ చేసి, పులావు పొయ్యెక్కించేసరికి పైన పాటలు మొదలయ్యాయి. కట్టుకుందామని తీసి పెట్టుకున్న నీలం చీర మంచం మీదే ఉండిపోయింది.

మైకు బాక్సు ఒకటి సరిగ్గా వంటింటి కిటికీకే కట్టారు. అందులోంచి సాల్మన్ గొంతు ఖణేల్మంది.

"పదకొండు రాత్రులండీ! బిడ్డ మంచం పక్కన మోకాళ్ల మీద ఉన్న ఈ తండ్రి మొర దేవుడు ఆలకించాడు. పేరుకి తగ్గట్టే, బైబిల్లో లాజరులాగే మా లాజరు సమాధిలోంచి లేచొచ్చాడండీ!"

"ఆమెన్!" అంది మేడంతా.

రూబీ చేతిలో గరిటె ఆగిపోయింది. సాల్మన్ అబద్ధాలకోరు కాదు. అతని గొంతులో నిజంగానే ఏడుపుంది. పదకొండు రాత్రులూ తనే ఉన్నానని నమ్మేశాడు పాపం. కోపం రావలసిన చోట ఆమెకి భయం వేసింది.

"ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అండీ?" అడిగారు పాస్టరు ఏసురాజుగారు.

పైటతో చేతులు తుడుచుకుని పరిగెత్తింది. మెట్ల మొదట్లోనే అత్తగారు అడ్డుపడ్డారు. "ఎక్కడికే? పులావు అడుగంటితే ఇంతమందిలో మన పరువేం కాను?"

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ, మొక్కుబడి..."

"వాడు చెప్పాడుగా, ఇద్దరి తరఫునా!"

అయినా ఎక్కింది. పై మెట్టు మీద ఆమెని సాల్మన్ చూశాడు. పసుపు మరకల చీర, రేగిన జుట్టు. జనాన్ని చూసి, ఆమెని చూసి, వద్దన్నట్టు తలూపాడు. "ముగింపు ప్రార్థన చేద్దామండి అయ్యగారూ," అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఏం చేస్తుంది, మెట్టు మీదే నిలబడి ఆమె కూడా మూసుకుంది.

రేపు గుడిలోనైనా చెబుతానని పడుకునే ముందు అడిగింది. "మళ్లీ ఎందుకు రూబీ? తొమ్మిదింటికి షికారుకి వ్యాను వస్తుంది, తొలి ఆరాధనకి వెళ్లొచ్చేద్దాం," అన్నాడు. తొలి ఆరాధనలో సాక్ష్యాలుండవు.

ఆదివారం షికారు కడియం నర్సరీలకి. వారానికి ఆరు రోజులు బస్సులో నిలబడి వెళ్లే ఊరికి ఏడో రోజు పులిహోర, పెరుగన్నం గిన్నెలు ఒళ్లో పెట్టుకుని విహారానికి వెళ్లింది రూబీ. బంతిపూల మడుల మధ్య అందరూ ఫోటోలు దిగారు. ఆమె చెట్టు నీడన దుప్పటి పరిచి వడ్డన మొదలుపెట్టింది. లాజరు వచ్చి ఒళ్లో చేరి, పులిహోరలో వేరుశనగలు ఏరుకుంటూ అడిగాడు.

"అమ్మా, నాకు జొరం వచ్చినప్పుడు నువ్వెక్కడికెళ్లిపోయావు?"

పాపం, ఆ జ్వరంలో వాడికి ఒంటి మీద స్పృహ ఎక్కడిది?

"ఎక్కడికీ వెళ్లలేదు నాన్నా. నీ దగ్గరే ఉన్నాను, నీ మంచం కిందే పడుకున్నాను."

వాడు తలెత్తి, తప్పు చదివిన పిల్లని చూసినట్టు తల్లిని చూశాడు. "కాదు, నాన్న ఉన్నాడు. మైకులో చెప్పాడుగా. అందరూ ఆమెన్ అన్నారు కూడా."

"రూబీ, ఇటు పెరుగన్నం!" కేకేసింది బేబి.

"వస్తున్నా వదినగారూ," అని గిన్నె అందుకుని లేచింది. నెలరోజులు కూర్చుకున్న నాలుగు వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.