అఱచేతి వెచ్చఁదనము

హేమంతప్రభాతమున భీమునిపట్టణము నీహారయవనికాచ్ఛన్నమై సముద్రఘోషము మాత్రమే వినవచ్చుచుండఁగా కళాశాలలోని రసాయనప్రయోగశాలయందు గాజుపాత్రలన్నియుఁ జేయి సోఁకిన జివ్వుమనునంత చల్లనై యుండెను. అచ్చట యౌవనమునుండియు నధ్యాపకురాలై యున్న హైమవతి నేత్రవ్యాధిచే వర్ణజ్ఞానమును గోల్పోయి క్షారమును గొలిచి విడుచు బ్యూరెట్టను గాజుగొట్టపుగీతలను భూతద్దముతోఁ జదువఁగలిగియు ఆమ్లము క్షారముతో సరిగాఁ దీరిన క్షణమున ద్రావణమునఁ బొడసూపు లేఁతగులాబివన్నెను మాత్రము కానఁజాలకుండెను. అయ్యో, ఆ వన్నెయే కదా యామె బ్రతుకంతయు!

“ఈ యుపాయమును గుదరనియెడల ప్రయోగశాల తాళపుచెవులను నేఁడే యప్పగించి కొలువు మానెదను” అని యామె పలికెను.

భౌతికశాస్త్రాధ్యాపకుఁడగు నామె భర్త సోమయాజులు కాఫీవెలకు దొరకు, వేడిని బసిగట్టు మిరియపుగింజంత థర్మిస్టరును ఆమ్లపుఁగుప్పెలోనికి వ్రేలాడఁదీసి యొక బజరునకుఁ దగిల్చెను. ఆమ్లక్షారములు కలియునపుడు వేడి పుట్టును గదా. ఆ వేడి యెక్కినకొలఁది బజరుస్వరము హెచ్చును, ఆమ్లము తీరినంతనే హెచ్చుట మానును.

“హైమా, కన్నులను విశ్రమింపనిమ్ము. చెవులతోఁ జూడుము.”

ఆమె శిష్యులకు నేర్పిన తీరుననే కుప్పెను పసిబిడ్డతలవలె నెడమయఱచేత నిడుకొని మెల్లఁగాఁ ద్రిప్పుచు కుడిచేత బ్యూరెట్టుకుళాయి విప్పి క్షారమును విడిచెను. స్వరము హెచ్చెను. గాఢత ముందే యెఱిఁగిన యామ్లము లెక్కప్రకార మెప్పుడో తీరవలసియున్నను స్వరము హెచ్చుచునే యుండెను. మరల మరలఁ జేసినను అదియే వరుస.

“నా కన్నులే కాదు, చెవులును గంగలోఁ గలిసినవి కాఁబోలు” అని హైమవతి కుళాయి కట్టివేసి కుప్పెను రెండుచేతులతో గుండెకు హత్తుకొని కంటఁదడి పెట్టుకొనెను. చుక్కయైనఁ బడకుండఁగనే స్వరము మఱింత హెచ్చెను!

ఆమె దిగ్గునఁ దలయెత్తెను. “ఏమండీ! ఇది యామ్లపువేడి కాదు. నా చేతివేడి!”

“నా మతి మండ! కుప్పెను ముట్టవలదని చెప్పనే మఱచితిని” అని సోమయాజులు నుదురు కొట్టుకొనెను.

క్రొత్తగా నామ్లమును వేడి చొరని థర్మోకోలు గిన్నెలోఁ బోసి థర్మిస్టరును దానిలోనికి దింపి యాతఁడు గాజుకడ్డీతోఁ గలియఁబెట్టుచుండ నామె మరలఁ గుళాయి విప్పెను. స్వరము హెచ్చి హెచ్చి నిలిచిపోయెను. గీత చూడఁగా లెక్క సరిపోయెను.

చిరకాలాభ్యాసముచేఁ బట్టుకొన నేదియో కావలసిన యామె యెడమచేయి తడుముకొని భర్తచేతిని జేరెను.

“మీ చేయి యింత చల్లఁబడినదేమి?”

“నీ తాళపుచెవులమాట విన్నదాదిగా నింతే.”

హైమవతి పకపక నవ్వెను గాని యా చేతిని విడువలేదు. యంత్రమును మోసపుచ్చిన యా వెచ్చఁదనము మెల్లమెల్లఁగా నాతని వ్రేళ్లలోనికిఁ బ్రాఁకెను.