కట్టు కింద చెయ్యి

తాతబ్బాయికి మూర్ఛ పట్టుకుంది, వదలడం లేదు. అతను ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసే మనిషి. మూర్ఛ ఉన్నవాణ్ణి మంటల దగ్గర పనికి పెట్టరని భయపడి, తనకా జబ్బుందన్న సంగతే ప్లాంటులో ఎవరికీ చెప్పలేదు. జేబులో మాత్రలు చూస్తే అడుగుతారని వాటినీ మానేశాడు. డెబ్బైతొమ్మిది వేసవిలో ఒక మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నవాడు అక్కడే విరుచుకు పడ్డాడు. కూలీల బస్తీ క్యాంప్ టూ నుంచి రిక్షాలో ఆసుపత్రికి తెచ్చేసరికి పెదాలు నీలంగా మారాయి.

కుడి పిడికిట్లో ఒక లావుపాటి ఇనప నట్టు ఉంది. మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టాలంటారు కదా, ఉక్కు పుట్టే ఊళ్ళో ఇనుముకేం కరువు? పక్కింటివాళ్ళు పరుగున తెచ్చి పెట్టారు. నర్సు సత్యలక్ష్మి దాన్ని లాగేయబోతే తాతబ్బాయి భార్య పైడితల్లి అడ్డుపడింది.

"ఆ ఇనుమే ఆడి పేణం అట్టుకుని ఉందమ్మా. తియ్యకండి, మీకు దండవెడతాను."

"ఉండనీ సత్యా, అదేం కరవదు," అంది గౌరీదేవి.

గౌరీదేవి మత్తు డాక్టరు. రైల్వే గార్డు కూతురు. నోరు మంచిది కాదని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టినవాడు పెద్ద డాక్టరు భుజంగరావు. ఆయన లెక్కలో ఎదురు మాట్లాడిన ప్రతి నోరూ చెడ్డదే.

మూర్ఛ ఆగడానికి కాంపోజ్ ఇంజెక్షన్ ఇచ్చారు, మళ్ళీ ఇచ్చారు. గార్డినాల్ కూడా ఇచ్చారు. మూర్ఛ దేన్నీ లెక్కచెయ్యలేదు. ఊపిరి గరగరలాడుతోంది. గొంతులో గొట్టం వేసి గాలి అందించక తప్పదు. గొట్టం దిగాలంటే బిగుసుకున్న దవడ వదలాలి, దానికి మందు కావాలి. ఏ మందన్న దగ్గరే వచ్చింది తగువు.

"పెంటథాల్ ఇస్తాను సార్. దవడా వదులుతుంది, మెదడూ నిద్రపోతుంది."

"ఆ పేరెత్తకు," అన్నాడు భుజంగరావు. "పోయిన నెల ఆ మందుకే బీపీ పడిపోయి ఒకడు పోయాడు. అందుకేగా దాన్ని వార్డులోంచి తీయించేశాను. స్కోలిన్ చాలు. కండరాలు వదులవుతాయి, గొట్టం దిగుతుంది, కొట్టుకోవడం ఆగుతుంది."

"కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఆగుతుంది సార్. లోపల మెదడు కాలుతూనే ఉంటుంది."

"నీకు నేను చెప్పాలా, నాకు నువ్వు చెప్పాలా?"

గౌరీదేవి ఆయన చూస్తుండగానే సత్యలక్ష్మిని పెంటథాల్ కోసం ఆపరేషన్ థియేటరుకి పరుగెత్తించింది. అది వచ్చేదాకా ఆగే ఊపిరి తాతబ్బాయికి లేదు. ఒళ్ళు మండుతున్నా స్కోలిన్ సిరంజి చేతిలోకి తీసుకుంది. ఎక్కించే ముందు మాత్రం, అతని కుడి జబ్బకి బీపీ పట్టీ చుట్టి, మణికట్టు దగ్గర నాడి అందనంతగా గాలి కొట్టింది. చదువుకునే రోజుల్లో, మానసిక రోగులకి కరెంటు చికిత్స ఇచ్చేటప్పుడు ఇలా కట్టడం చూసింది. కట్టు కిందికి రక్తం పోదు, మందూ పోదు. మిగతా ఒళ్ళంతా పడిపోయినా, మూర్ఛ ఆగిందో లేదో ఆ ఒక్క చెయ్యి నిజం చెబుతుంది.

మందు ఎక్కింది. ఒళ్ళు సన్నగా అదిరి, ఉడికిన తోటకూర కాడలా వాలిపోయింది. గొట్టం ఇట్టే దిగింది. గాలి సంచి నొక్కుతుంటే ఛాతీ లేచింది, పెదాలకి రంగు తిరిగింది.

"తగ్గిపోయిందమ్మా," అన్నాడు భుజంగరావు పైడితల్లితో. ఆవిడ ఏడుస్తూ ఆయన కాళ్ళ మీద పడబోయింది. అంతలో సత్యలక్ష్మి పెంటథాల్‌తో రొప్పుతూ వచ్చింది. "అవసరం లేదు, తీసుకుపో," అన్నాడాయన.

అప్పుడు వినిపించింది. టక్. టక్. టక్. మంచం కమ్మీకి ఇనప నట్టు కొట్టుకుంటోంది. ఒళ్ళంతా పాత గుడ్డలా పడివుంటే, కట్టు కింద పిడికిలి ఒక్కటే ఎగిరెగిరి పడుతోంది.

వార్డులో అందరూ ఆ చేతినే చూశారు. భుజంగరావూ చూశాడు. చూసి కూడా, "ఏదో నరం అదురుతోందిలే," అన్నాడు. తప్పని తెలిసీ దిగిరాలేని మనిషి మీద మామూలుగా జాలి కలగాలి. మంచం మీద ఒకడి బుర్ర ఉడికిపోతుంటే జాలికి తీరికెక్కడిది? గౌరీదేవికి కోపమే వచ్చింది.

"మందు కలిపి ఇలా ఇవ్వు సత్యా."

"అది ఎక్కించావంటే నీ ఉద్యోగం ఉండదు," అన్నాడు భుజంగరావు.

"పోనివ్వండి సార్. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. ఈయన బుర్ర పోతే ఎక్కడ వెతకను?"

సంచి సత్యలక్ష్మికి అప్పగించింది. సెలైన్ ధార పెంచి, మంచం కాళ్ళవైపు ఎత్తించింది. ఒక చేతి వేళ్ళు తాతబ్బాయి మెడ నాడి మీద ఉంచి, రెండో చేత్తో మందు కొద్దికొద్దిగా ఎక్కించింది. నాడి సన్నబడింది. భయం వేసింది, అబద్ధమెందుకు. పోయిన నెల పోయినవాడు కళ్ళముందు కదిలాడు. చెయ్యి ఆపింది. నాడి నిలదొక్కుకున్నాక మళ్ళీ ఎక్కించింది. చప్పుళ్ళ మధ్య ఎడం పెరిగింది. చివరికి పిడికిలి విప్పుకుని, నట్టు కిందపడి దొర్లింది.

"సచ్చిపోనాడేటమ్మా?" అని కెవ్వుమంది పైడితల్లి.

"లేదమ్మా, పడుకున్నాడు. తగ్గడమంటే ఇదీ," అంటూ గౌరీదేవి పట్టీ గాలి వదిలేసింది. స్కోలిన్ పట్టు దిగిపోయాక కూడా ఆ ఒంట్లో ఎక్కడా అదురు లేదు.

రెండ్రోజులకి గొట్టం తీశారు. తాతబ్బాయి కళ్ళు తెరిచి, పక్కన కూర్చున్న పెళ్ళాన్ని చూసి, "ఏటే, డూటీకి టైమైపోనాదా?" అన్నాడు. పైడితల్లి ఏడ్చిన ఏడుపుకి వార్డంతా తిరిగి చూసింది.

మర్నాడు రౌండులో, స్టాఫంతా చుట్టూ ఉండగా, భుజంగరావు ఆ మంచం దగ్గరే ఆగాడు. "మనిషి బతికాడు, సంతోషం. కానీ నా మాట కాదన్నావు. ఇక్కడే అందరి ముందూ క్షమాపణ చెప్పు. లేదంటే గనుల దగ్గర డిస్పెన్సరీకి పోయి దగ్గుమందు పోసుకో."

చెప్పెయ్యమ్మా అని సత్యలక్ష్మి కళ్ళతోనే బతిమాలింది. నిజమే, గౌరీదేవి చెప్పవలసిన క్షమాపణ ఒకటుంది. అది గుర్తొచ్చి ఆమెకి సరిగ్గా నిద్ర కూడా పట్టడం లేదు.

పెద్ద డాక్టర్ని దాటుకుని మంచం తలవైపుకి వెళ్ళింది.

"తాతబ్బాయి గారూ," అంది, అందరికీ వినపడేలా. "మీకు కావలసిన మందుని పోయిన నెల ఈ వార్డులోంచి తీసేయమంటే నోరు మూసుకుని ఊరుకున్నాను. అది దగ్గర లేకే మీ బుర్ర అంతసేపు కాలింది. ఆ మాట విన్నందుకు నన్ను క్షమించండి."

తర్వాత భుజంగరావు వైపు తిరిగి, "డిస్పెన్సరీకి ఎప్పుడు వెళ్ళమంటారు సార్?" అంది.